నిందకు ముందు నిర్ధారణ: మొరాయించిన కంప్యూటర్‌ను పరీక్షించే క్రమం

మిరప కల్లాలు ముగింపుకు వచ్చిన రోజులవి. గుంటూరు యార్డులో ధర కాస్త కోలుకున్నాక అమ్ముదామని, చివరి కోత కాయను టిక్కీలకెత్తించి చిలకలూరిపేట సమీపంలోని మా ఇంటికి తెచ్చుకున్నాము. వసారా చాలలేదు. పిల్లలు చదువుకునే గదిలో ఒక మూల ఖాళీ చేయించి, మిగిలిన టిక్కీలను అక్కడ పేర్పించాము. ఇదంతా ఉదయం జరిగింది. సాయంత్రం మగ్రిబ్ నమాజు ముగిసేసరికి మా పెద్దమ్మాయి కంప్యూటర్ ముందు బిక్కముఖంతో కూర్చొని ఉంది. ఈఏపీసెట్ దరఖాస్తు గడువు ఆ రాత్రితో ముగుస్తుంది. బటన్ నొక్కితే లోపల ఫ్యాన్ తిరుగుతోంది. తెర మాత్రం నల్లగానే ఉంది.

మా నోటి నుంచి వెలువడిన మొదటి ప్రశ్న ఇది: “దీన్ని చివరిసారి ముట్టుకున్నది ఎవరు?”

ఏడవ తరగతి చదివే మా అబ్బాయి ముందురోజు సాయంత్రం దానిపై ఆట ఆడుకున్నాడు. అంతే, ఇంటిల్లిపాది చూపులూ వాడి మీదకు మళ్ళాయి. “నేనేమీ చేయలేదు అమ్మీ, బంద్ చేసే లేచాను” అని వాడు ఎంత చెప్పినా మేము వినలేదు. తెలిసిన ఒక దుకాణదారుకు ఫోను చేస్తే, యంత్రాన్ని చూడకుండానే “మదర్‌బోర్డు పోయి ఉంటుంది, కొత్త పెట్టె తీసుకోవటం మేలు” అన్నాడు. ఆ మాటతో మా గుండె మరింత జారింది. మర్హూమ్ మా నాన్నగారి హజ్ ప్రయాణపు ఫోటోలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. వేరొక ప్రతి ఎక్కడా లేదు. కోపం ఇంకా పెరిగింది. పిల్లవాడు ఏడుస్తూ వెళ్ళి వాళ్ళ దాదీ ఒడిలో తల పెట్టుకున్నాడు.

అప్పుడు ఆమె అన్నారు: “మిషన్‌ను చూడకుండా పిల్లవాణ్ణి నిలదీస్తారేమిటి? ముందు దాని సంగతి కనుక్కోండి.”

ఆ ఒక్క మాట మమ్మల్ని ఆపింది. పక్కింట్లో ఉండే డిప్లొమా విద్యార్థిని పిలిపించాము. ఆ రాత్రి అతని పక్కన కూర్చొని చూసి నేర్చుకున్నదీ, ఆ తరువాత అనుభవజ్ఞులను అడిగి తెలుసుకున్నదీ పాఠకుల ముందు ఉంచుతున్నాము. కంప్యూటర్ లేదా ల్యాప్‌టాప్ ఉన్న ప్రతి ఇంటికీ ఏదో ఒక రోజు ఈ అవసరం కలుగుతుంది.

క్రమం తప్పని విచారణ

ఏదైనా వార్త వచ్చినప్పుడు విచారించి నిర్ధారించుకోవాలనీ, లేకపోతే అమాయకులకు హాని చేసి ఆపై పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ దివ్య ఖుర్‌ఆన్‌లోని హుజురాత్ సూరా మనకు బోధిస్తుంది. అదే సూరా దురనుమానాలకు దూరంగా ఉండమని కూడా ఆదేశిస్తుంది. ఈ బోధనలను మనం ఊరి తగాదాలకూ, బంధువుల మధ్య పుకార్లకూ వర్తింపజేసుకుంటాము. ఇంట్లో ఒక వస్తువు చెడిపోయిన క్షణంలో మాత్రం మరచిపోతాము.

యంత్రం విషయంలో విచారణ అంటే ఒక క్రమం. తేలికైనదాన్ని ముందు పరీక్షించాలి. ఒకసారి ఒకే మార్పు చేయాలి. ఫలితం చూసిన తరువాతే తదుపరి మెట్టు ఎక్కాలి. క్రమబద్ధమైన ఇటువంటి సోపానాలను ‘అల్గారిదమ్’ అంటారు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో జీవించిన గణిత పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరు లాటిన్ భాషలోకి వెళ్ళి ఆ పదంగా మారింది. కంప్యూటర్ నడిచేది అల్గారిదమ్‌లతోనే. అది నడవనప్పుడు మనకు దారి చూపేది కూడా అటువంటి క్రమమే.

బటన్ నొక్కగానే లోపల జరిగేది

గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును కంప్యూటర్ నేరుగా వాడుకోలేదు. వెనుక భాగంలో ఉండే ఎస్‌ఎంపీఎస్ అనే పెట్టె దాన్ని 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలకు పంచుతుంది. బటన్ నొక్కగానే ఈ పంపకం మొదలవుతుంది. వెంటనే మదర్‌బోర్డు మీద ఉన్న చిన్న ప్రోగ్రాము మేల్కొని ప్రాసెసర్, ర్యామ్, తెరకు చిత్రాన్ని పంపే భాగం, కీబోర్డు సరిగా ఉన్నాయో లేదో వరుసగా తనిఖీ చేస్తుంది. అన్నీ సరిపోతే హార్డ్ డిస్కును వెదికి, అందులోని విండోస్ లేదా మరొక వ్యవస్థను పిలుస్తుంది.

అంటే కరెంటు, తనిఖీ, డిస్కు, విండోస్ అనే నాలుగు మజిలీలున్నాయి. యంత్రం ఎక్కడ ఆగిందో గుర్తిస్తే సగం పని అయినట్లే. ఫ్యాన్ కూడా తిరగకపోతే మొదటి మజిలీ. ఫ్యాన్ తిరిగి తెర నల్లగా ఉంటే రెండవది. అక్షరాలు వచ్చి డిస్కు దొరకలేదంటే మూడవది. విండోస్ గుర్తు కనబడి ఆగిపోతే నాలుగవది.

మొదటి మజిలీ: కరెంటు

బటన్ నొక్కినా ఏ చలనమూ లేకపోతే ముందుగా గోడ సాకెట్టును చూడాలి. అదే సాకెట్టుకు ఫోను ఛార్జరో, టేబుల్ ల్యాంపో పెట్టి పరీక్షించాలి. తరువాత ఎక్స్‌టెన్షన్ బాక్సును పక్కన పెట్టి కంప్యూటర్‌ను నేరుగా గోడకు కలపాలి. ఎస్‌ఎంపీఎస్ వెనుక ఒక చిన్న స్విచ్ ఉంటుంది. ఊడ్చేటప్పుడో, పెట్టెను జరిపేటప్పుడో అది ఆగిపోవటం మామూలే. పాత ఎస్‌ఎంపీఎస్‌లలో 115, 230 అని రాసిన మరొక ఎర్ర స్విచ్ కూడా ఉంటుంది. మన దేశంలో అది ఎల్లప్పుడూ 230 మీదే ఉండాలి. పిల్లలు సరదాకు దాన్ని మార్చి బటన్ నొక్కితే ఎస్‌ఎంపీఎస్ కాలిపోతుంది.

యూపీఎస్ ఉన్న ఇళ్ళలో అనుమానించవలసింది దాని బ్యాటరీని. చిన్న యూపీఎస్‌లలో ఉండే 12 వోల్టుల సీసపు బ్యాటరీ సాధారణంగా రెండు మూడేళ్ళు పనిచేస్తుంది. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటా ప్రసిద్ధం. పల్నాటి వేసవి వేడిలో ఆ ఆయుష్షు ఇంకా తగ్గుతుంది. కంప్యూటర్ ఒక క్షణం వెలిగి ఆరిపోతున్నా, యూపీఎస్ ఆగకుండా అరుస్తున్నా, దాన్ని తప్పించి గోడ సాకెట్టు నుంచి ప్రయత్నించాలి. అప్పుడు యంత్రం నడిస్తే దోషం కంప్యూటర్‌లో లేదు.

పొలాల్లో మోటార్లు ఒక్కసారిగా నడిచే వేళల్లో లైట్లు మసకబారటం మన పల్లెల్లో చాలామందికి అనుభవమే. ఆ సమయంలో కంప్యూటర్ మొరాయిస్తే, వోల్టేజీ నిలకడగా ఉండే రాత్రి వేళ మరొకసారి ప్రయత్నించండి. ఎస్‌ఎంపీఎస్ మీద అతికించిన చీటీలో అది ఎన్ని వోల్టుల మధ్య పనిచేస్తుందో రాసి ఉంటుంది. మీ ఇంటి వోల్టేజీ తరచూ అంతకన్నా తగ్గుతుంటే స్టెబిలైజర్ అవసరం.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. ఎస్‌ఎంపీఎస్ మూతను ఇంట్లో ఎవరూ విప్పకూడదు. ప్లగ్ తీసిన తరువాత కూడా దాని లోపలి కెపాసిటర్లలో కొంతసేపు 300 వోల్టులకు పైగా నిలిచి ఉండే ప్రమాదం ఉంది. అనుమానం ఉంటే పెట్టె మొత్తంగా మార్పించాలి. ప్రాణం అల్లాహ్ మనకిచ్చిన అమానతు. వంద రూపాయల ఆదాకోసం దాన్ని పణంగా పెట్టకూడదు.

ల్యాప్‌టాప్ అయితే ముందు ఛార్జర్ మీద లైటు వెలుగుతుందో లేదో చూడాలి. తరువాత ఛార్జర్‌ను తీసివేసి, బ్యాటరీ ఊడదీయగలిగిన రకమైతే దాన్ని కూడా తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్ల పాటు నొక్కి పట్టుకోవాలి. లోపల మిగిలిన విద్యుత్తు ఖాళీ అయ్యాక ఛార్జర్ పెట్టి మళ్ళీ ప్రయత్నించాలి. చచ్చిపోయిందనుకున్న ల్యాప్‌టాప్‌లు ఎన్నో ఈ చిన్న ఉపాయంతో లేస్తాయి.

రెండవ మజిలీ: ఫ్యాన్ తిరుగుతుంది, తెర వెలగదు

మా కంప్యూటర్ ఆగింది ఇక్కడే. వచ్చిన అబ్బాయి మొదట మానిటర్‌ను చూశాడు. దానికి వేరే కరెంటు తీగ ఉంటుంది, వేరే బటన్ ఉంటుంది. చిత్రాన్ని తెచ్చే తీగ రెండు చివర్లా బిగుతుగా ఉండాలి. వేరుగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో ఆ తీగను మదర్‌బోర్డుకు కాక కార్డుకే తగిలించాలి. ల్యాప్‌టాప్‌లో అయితే చీకట్లో తెర మీద టార్చి వేసి చూడాలి. లీలగా అక్షరాలు కనబడితే యంత్రం బాగానే ఉంది, తెర వెనుక దీపం పోయింది. ఇంట్లోని టీవీకి తీగ కలిపి చూసినా ఆ సంగతి తేలిపోతుంది.

మా మానిటర్ బాగానే ఉంది. అప్పుడతను “అందరూ ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉండండి” అన్నాడు. బటన్ నొక్కాడు. పెట్టె లోపలి నుంచి సన్నగా, దీర్ఘంగా ఒక కూత, కొంచెం విరామం, మళ్ళీ కూత. తన బాధేమిటో అది సాయంత్రం నుంచీ చెబుతూనే ఉంది. మా కేకల హోరులో ఎవరికీ వినబడలేదు.

తనిఖీలో లోపం తేలినప్పుడు తెర మీద చూపే వీలు లేక యంత్రం ఇలా కూతల ద్వారా తెలుపుతుంది. ఒక్క చిన్న కూత అయితే చాలా యంత్రాల్లో అంతా క్షేమమని అర్థం. ఆగి ఆగి వచ్చే దీర్ఘమైన కూతలు తరచుగా ర్యామ్ సమస్యను సూచిస్తాయి. అయితే ఈ సంకేతాలు ఒక్కొక్క తయారీదారుకు ఒక్కొక్క విధంగా ఉంటాయి కనుక మదర్‌బోర్డుతో వచ్చిన పుస్తకాన్ని చూసుకోవాలి. కొత్త బోర్డులు కొన్నింటిలో కూతకు బదులు చిన్న దీపాలుంటాయి. ప్రాసెసర్, ర్యామ్, చిత్రం, డిస్కు అనే నాలుగింటిలో ఏది చెడిందో దాని పక్కన దీపం వెలుగుతుంది.

ర్యామ్‌ను సరిచేయటం జాగ్రత్తపరులైన పెద్దలు ఇంట్లోనే చేసుకోగలిగిన పని. ముందు ప్లగ్ తీసివేయాలి. పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి మిగిలిన కరెంటును ఖాళీ చేయాలి. పక్క రేకు విప్పి, రంగు వేయని లోహభాగాన్ని చేతితో తాకాలి. మన ఒంటి మీద చేరిన స్థిర విద్యుత్తు అలా తొలగిపోతుంది. ర్యామ్ రెండు చివర్లా ఉన్న కొక్కేలను వెనక్కు నొక్కితే అది పైకి లేస్తుంది. దాని బంగారు రంగు అంచును వేళ్ళతో ముట్టకుండా, పొడిగా ఉన్న మెత్తటి గుడ్డతో తుడవాలి. మరకలుంటే మెత్తటి రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొడి గాడిలో పడకుండా దులపాలి. అంచులోని గాటు సాకెట్టులోని గాటుతో సరిపోయేలా నిలబెట్టి, రెండు వైపులా ‘టక్’ మనే వరకు సమంగా నొక్కాలి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి పరీక్షిస్తే చెడినది ఏదో తెలుస్తుంది.

మా యంత్రంలో ర్యామ్ ఒక చివర కొద్దిగా పైకి లేచి ఉంది. “ఈ పెట్టెను ఈమధ్య ఎవరైనా జరిపారా?” అని అడిగాడు ఆ అబ్బాయి. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఆ ఉదయం టిక్కీలకు చోటు చేయటం కోసం దాన్ని పక్క గదిలోకి ఈడ్చినది మేమే. గడప దగ్గర అది ధన్‌మని తగలటం, మధ్యాహ్నం మళ్ళీ తెచ్చి పెట్టటం, అన్నీ గుర్తుకొచ్చాయి. దీన్ని చివరిసారి ముట్టుకున్నది ఎవరన్న మా ప్రశ్నకు జవాబు మేమే.

మూడవ మజిలీ: గడియారం, డిస్కు

ర్యామ్ బిగించగానే తెర వెలిగింది. అందరూ ‘అల్‌హమ్దులిల్లాహ్’ అన్నారు. కానీ దరఖాస్తు వెబ్‌సైటు తెరుచుకోలేదు. అది సురక్షితం కాదన్న హెచ్చరిక వచ్చింది. కారణం చూస్తే యంత్రంలో తేదీ కొన్నేళ్ళు వెనక్కు పోయి ఉంది. వెబ్‌సైట్ల భద్రతా పత్రాలకు గడువు తేదీలుంటాయి. మన గడియారం తప్పితే అవి చెల్లనట్టు కనబడతాయి.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళను పోలిన 3 వోల్టుల సెల్ ఒకటి ఉంటుంది. దాని సంఖ్య సీఆర్ 2032. ప్లగ్ తీసినప్పుడు గడియారాన్ని నడిపేది అదే. గోడ కరెంటు అందుతున్నంత కాలం సెల్ చచ్చిపోయిన సంగతి బయటపడదు. ప్లగ్ తీసిన రోజునే తెలుస్తుంది. మేము ఉదయం ప్లగ్ పీకినప్పుడు జరిగింది ఇదే. ఆ రాత్రికి తేదీని చేతితో సరిచేసి దరఖాస్తు పూర్తి చేశాము. మరునాడు వాచీల దుకాణంలో కొత్త సెల్ కొని వేశాము. సెల్ చచ్చినప్పుడు బోర్డులోని ఇతర అమరికలు కూడా చెరిగిపోవచ్చు. అప్పుడు యంత్రం డిస్కును గుర్తించక ఆగిపోతుంది. డిస్కు నిక్షేపంగా ఉన్నా పోయిందని భ్రమపడతాము.

డిస్కు దొరకలేదన్న అక్షరాలు తెర మీద వస్తే, ముందు పెన్‌డ్రైవ్ ఏదైనా తగిలించి మరచిపోయారేమో చూడాలి. యంత్రం విండోస్‌ను అందులో వెదికి లేదని చెబుతుండవచ్చు. తరువాత ప్లగ్ తీసి, డిస్కు నుంచి బోర్డుకు వెళ్ళే సన్నని తీగను రెండు చివర్లా ఊడదీసి మళ్ళీ బిగించాలి. ఇవన్నీ సరిగా ఉన్నాయా? అయితే డిస్కు దగ్గర చెవి పెట్టి వినండి. పాత తరహా హార్డ్ డిస్కు ‘టిక్, టిక్’ మని లయగా కొట్టుకుంటుంటే వెంటనే ఆపివేయాలి. అది అంత్యదశకు చేరిన సంకేతం. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించిన కొద్దీ లోపలి ఫోటోలు, పత్రాలు తిరిగి రాకుండా పోయే ప్రమాదం పెరుగుతుంది. అటువంటి డిస్కును నిపుణుల వద్దకు తీసుకుపోవటమే మేలు.

నాలుగవ మజిలీలో, అంటే విండోస్ గుర్తు కనబడి ఆగినప్పుడు, దోషం తరచుగా యంత్రభాగాల్లో కాక ప్రోగ్రాముల్లో ఉంటుంది. వరుసగా కొన్నిసార్లు తెరుచుకోలేకపోతే విండోస్ తానే మరమ్మతు తెరను చూపుతుంది. ఆ మరమ్మతును ఓపికగా జరగనివ్వాలి. అన్నీ తుడిచిపెట్టి కొత్తగా విండోస్ ఎక్కించమని ఎవరైనా తొందరపెడితే, ముందు డిస్కులోని ముఖ్యమైనవాటిని వేరొకచోటికి నకలు చేయించాలి.

దూది, మిరప, ఉప్పుగాలి

కొన్ని యంత్రాలు తెరుచుకుంటాయి. పది నిమిషాల్లో ఆరిపోతాయి. కాసేపాగితే మళ్ళీ తెరుచుకుంటాయి. ఇది వేడి చేసే పని. ప్రాసెసర్ వేడి 100 డిగ్రీల సెల్సియస్ దరికి చేరితే తనను కాపాడుకోవటానికి యంత్రం ఆగిపోతుంది. పత్తి తీసే నెలల్లో మన గాలిలో సన్నని దూది నూగు తేలుతూ ఉంటుంది. జిన్నింగ్ మిల్లులకు దగ్గరలో ఉన్న ఇళ్ళకు ఈ బెడద ఎక్కువ. ఫ్యాన్ ఆ నూగును లోపలికి లాగి, ప్రాసెసర్ మీది లోహపు రెక్కల మధ్య దుప్పటిలా పరుస్తుంది. ఇక గాలి ఆడదు.

ప్లగ్ తీసి, పెట్టెను ఆరుబయటకు తెచ్చి, మెత్తటి కుంచెతోనో బ్లోయర్‌తోనో దుమ్ము వదిలించాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు గిరగిర తిరగకుండా వేలితో పట్టుకోవాలి. మిరపకాయ నిల్వ చేసిన ఇంట్లో ఈ పని చేసేవారు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి, కళ్ళు నలుపుకోకూడదు. చిన్నపిల్లలను, ఆయాసం ఉన్నవారిని దూరంగా ఉంచాలి. దుమ్ము పోయినా వేడి తగ్గకపోతే, ప్రాసెసర్‌కూ లోహపు రెక్కలకూ మధ్య ఉండే లేపనం ఎండిపోయి ఉండవచ్చు. మెకానిక్ దాన్ని మార్చగలడు. అన్నింటికన్నా మంచిది ముందు జాగ్రత్త. పెట్టెను నేల మీద కాక బల్ల మీద, గోడకు జానెడు దూరంగా ఉంచండి. టిక్కీలను, పత్తి బోరేలను ఆ గదిలో పెట్టకండి.

చీరాల, బాపట్ల తీరంలో ఉప్పుగాలి, తేమ వేరే విధంగా పనిచేస్తాయి. లోహపు అంచులకు తుప్పు పట్టి కనెక్షన్లు బలహీనపడతాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి వానలు మనకింకా గుర్తే. అటువంటి రోజుల్లో ఉరుములు మొదలవగానే కంప్యూటర్, ఇంటర్నెట్ పెట్టె రెండింటి ప్లగ్గులూ తీసివేయాలి. నీరు తగిలిన యంత్రాన్ని పూర్తిగా ఆరేవరకు ఆన్ చేయకూడదు. ‘పనిచేస్తుందేమో చూద్దాం’ అనే ఆత్రుతే దాన్ని శాశ్వతంగా చంపుతుంది.

ఇక నల్లరేగడి సంగతి. పెట్టెను తాకితే చేతికి చిమచిమలాడినట్లుంటే ఎర్తింగ్ లేదని అర్థం. మూడు ముళ్ళ ప్లగ్గులో లావుగా ఉండే మూడవ ముల్లు ఎర్తింగ్ కోసమే. దాన్ని విరిచి రెండు ముళ్ళ సాకెట్టులో పెట్టటం ప్రమాదకరం. ఎర్తింగ్ ఉన్న ఇళ్ళలో కూడా వేసవిలో రేగడి నెర్రెలిచ్చి, గొయ్యిలో తేమ తగ్గి, దాని శక్తి క్షీణిస్తుంది. ఎండాకాలంలో ఆ గొయ్యిలో అప్పుడప్పుడు నీళ్ళు పోయాలి. కొత్తగా వైరింగ్ చేయించేవారు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవటం మంచిది. కరెంటు మనిషి ఒంటి గుండా భూమిలోకి పోబోతే అది వెంటనే సరఫరాను తెంచుతుంది.

బయటి చేతికి ఇచ్చే ముందు

పై మెట్లన్నీ దాటినా యంత్రం లేవకపోతే మెకానిక్ వద్దకు తీసుకుపోక తప్పదు. ఏ మెట్టు దగ్గర ఆగింది, ఎన్ని కూతలు వచ్చాయి, మీరు ఏమేమి పరీక్షించారు అన్నది కాగితం మీద రాసి ఇవ్వండి. వివరం తెలిసి వచ్చినవారికి అక్కరలేని భాగాన్ని అంటగట్టటం అంత సులభం కాదు. మార్చిన పాత భాగాన్ని తిరిగి ఇవ్వమని ముందే చెప్పండి.

ఇంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. మన డిస్కులో ఇంటి ఆడపడుచుల ఫోటోలుంటాయి, పెళ్ళిళ్ళ వీడియోలుంటాయి, ఆధార్, బ్యాంకు పత్రాలుంటాయి. సమస్య ఎస్‌ఎంపీఎస్‌లోనో, ర్యామ్‌లోనో, తెరలోనో ఉన్నప్పుడు డిస్కును దుకాణంలో వదలవలసిన పని లేదు. డెస్క్‌టాప్ అయితే రెండు తీగలు, నాలుగు మరలు విప్పి డిస్కును ఇంట్లోనే దాచుకొని మిగిలిన పెట్టెను ఇవ్వవచ్చు. అది వీలుకానప్పుడు ఇంటివారెవరైనా అక్కడే కూర్చొని పని చేయించుకోవాలి.

దుకాణం నడిపే మన సోదరులకు కూడా ఒక మాట. మక్కా నుంచి హిజ్రత్ చేసే వేళ, తన ప్రాణాలు తీయజూసినవారి సొమ్మును సైతం తిరిగి అప్పగించటం కోసం దైవప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి వెళ్ళారు. మీ బల్ల మీదకు వచ్చిన ప్రతి డిస్కూ అటువంటి అమానతే. అవసరం లేని ఫైలును తెరవటం, చూడకుండానే ‘బోర్డు పోయింది’ అనటం, రెండూ అమానతుకు ద్రోహమే.

బాగుచేసుకోవటం చిన్నతనం కాదు

పాతది పారేసి కొత్తది కొనటమే గౌరవమన్న భావన మన ఇళ్ళలోకీ వచ్చింది. దైవప్రవక్త (స) తమ చెప్పులు తామే బాగుచేసుకునేవారనీ, తమ దుస్తులు తామే కుట్టుకునేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. వృథాను ఖుర్‌ఆన్ తీవ్రంగా గర్హించింది. ఊడిన ర్యామ్ కోసం, చచ్చిన సెల్ కోసం వేల రూపాయల యంత్రాన్ని పారేయటం వృథా కాక మరేమిటి? నిజంగానే పనికిరాకుండా పోయిన బోర్డులను, బ్యాటరీలను చెత్తలో వేయకండి, తగలబెట్టకండి. వాటిలో సీసం వంటి విషపదార్థాలుంటాయి. అనుమతి పొందిన రీసైక్లింగ్ కేంద్రాలకే బోర్డుల వంటి ఎలక్ట్రానిక్ వ్యర్థాలను చేర్చాలని 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి.

ఆ రాత్రి దరఖాస్తు పూర్తయ్యాక మేము మొదట చేసిన పని నాన్నగారి ఫోటోలను రెండు చోట్ల నకలు చేసుకోవటం. రెండవ పని అంతకన్నా కష్టమైనది. నిద్రకుపక్రమించిన మా అబ్బాయిని లేపి, “తప్పు మాదే బేటా, పెట్టెను జరిపింది మేము. నిన్ను అన్యాయంగా అన్నాము, మాఫ్ చెయ్” అని అడిగాము. వాడు మా వంక కాసేపు చూసి, “మరి రేపు ఆ సెల్ నేను వేయనా?” అన్నాడు. మరునాడు ప్లగ్ తీయించి, లోహాన్ని తాకించి, మా ఎదుటే వాడి చేత ఆ సెల్ వేయించాము. టిక్కీలను ఆ వారమే యార్డుకు తోలాము.

యంత్రం ఆగినప్పుడు మన ఇళ్ళలో నోళ్ళు ముందు లేవకుండా, చెవులు ముందు వినేలా అల్లాహ్ మనందరికీ సహనాన్నీ వివేకాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.